కారు క్రింది కటకట

“మన యింటి యంత్రములు” అను నీ శీర్షికలో క్రిందటి మాసమున ప్రెషరు కుక్కరు మూతలోని రబ్బరు చుట్టను గూర్చి ముచ్చటించితిమి. ఈ మాసమునను రబ్బరు ముచ్చటయే. కాని యిది వంటయింటిలోనిది కాదు, వాకిట నిలిచియుండు కారు క్రిందిది. “కారు క్రింద నేమున్నదో ఆడువారి కేల?” యని యడుగువారు లేకపోలేదు. నేడు మన సోదరీమణులలో కారు నడుపువారు పలువురు కలరు. నడుపనివారును బిడ్డలను, వృద్ధులగు అత్తమామలను వెంటబెట్టుకొని యందు కూర్చుండువారే. పొయ్యిమీది పాలు పొంగుటకు ముందు వచ్చు చప్పుడు నెరిగిన చెవికి చక్రముకడ చప్పుడు నెరుగుట యేమంత కష్టము? అట్టి చప్పుడొకటి యొక యింటివారి నెట్లు బాధించెనో, దాని కారణ మెట్లు తెలిసెనో, తుదకు దాని నెట్లు మాన్పిరో మేము చూచినంతవరకు వ్రాయుచున్నాము.

గడచిన వేసవి చివర మేము కొమరోలు పోయి పదిదినము లుంటిమి. గిద్దలూరునకు దక్షిణముగా, పోరుమామిళ్ళకు పోవు త్రోవలోనున్న మండల కేంద్రమది. పడమట నల్లమల కొండలు నీలిచీర ఆరవేసినట్లు కానవచ్చుచుండును. మా యక్కగారి కుమార్తె ఆ యూరి కోడలు. ఆమె భర్త బెంగుళూరులో ఉద్యోగి; నెలకొకమారు వచ్చి పోవును. ఇంట అత్తగారు, చదువుకొను పిల్లవాడు, కొంత మెట్టపొలము. వీని భారమంతయు నా పిల్లమీదనే యున్నది. అత్తగారికి గుండెజబ్బు. నెలకొకసారి నంద్యాలలో వైద్యునికి చూపవలయును. కొమరోలునుండి గిద్దలూరు, అచ్చటినుండి దిగువమెట్ట, ఆవల నల్లమల కనుమలోని మలుపులు, గాజులపల్లె, పిమ్మట నంద్యాల. ఈ త్రోవను ఆ పిల్ల తానే కారు నడుపుకొని పోవుచుండెడిది.

మేము పోవునప్పటికి ఆ ప్రయాణము నిలిచి రెండు నెలలైనది. వైద్యుడు పూర్వము వ్రాసియిచ్చిన మందులనే తెప్పించుకొని అత్తగారు మ్రింగుచున్నారు. ఏల పోలేదని మేమడుగగా ఆమె గొంతు తగ్గించి చెప్పినది:

“ముందర చక్రం కాడ టకటకమని ఒకటే కొట్టుకుంటాది తల్లీ. ఆ కనుమలో యాడన్నా ఊడిపోతే? నా కోసరం ఈ పిల్లను, ఆ పసివాణ్ణి పోగొట్టుకుంటానా? నాకు ఇంటికాడే బాగుంది.”

కోడలు ఊరకుండలేదు. ఒక పట్టణమందలి షెడ్డునకు కారును తీసికొనిపోయినది. అచ్చటివారు కారును రెండుసార్లు కుదిపి చూచి, షాకబ్జార్బరులు రెండును పోయినవనియు, పదునాలుగువేల రూపాయలగుననియు చెప్పిరి. చప్పుడు ఎప్పుడు వచ్చుచున్నదని నడుపు మనిషి నడుగనైన నడుగలేదు. ఆమె యేదో చెప్పబోగా, “మీవారితో ఫోనులో మాట్లాడించమ్మా” అనిరట. ఆమె కారు త్రిప్పుకొని వచ్చివేసినది. పదునాలుగువేలన్న మాట వినగానే అత్తగారు నంద్యాల పేరెత్తుట మానివేసినది.

ఆ సాయంకాలమున మమ్ము కారులో కూర్చుండబెట్టుకొని ఆ పిల్ల ఊరంతయు త్రిప్పినది. బడి ముందరి స్పీడుబ్రేకరు నెక్కి దిగితిమి, చప్పుడు లేదు. తమ సందు మొగలో మురికికాలువపై పరచిన బండ యొకటి విరిగియున్నది. ఎడమ చక్రము ఆ గుంతలో దిగగానే టక్కుమన్నది.

“చూస్తివా చిన్నమ్మా! రెండు చక్రాలూ కలిసి ఎక్కి దిగితే సడి లేదు. ఒక్క చక్రం పడితేనే టక్కుమంటుంది. షాకబ్జర్లే పోయుంటే స్పీడుబ్రేకరు మీద కూడా మోగాల కదా? ఎందుకంటావు?” అని యడిగినది.

సోదరీమణులారా, రోగ మెట్టిదో తెలియుటకు ఈ ప్రశ్నయే సగము త్రోవ. ఆమె ప్రశ్నకు సమాధానము కారు ముందరిభాగమున అడ్డముగా పండియుండు నొక వంపు కడ్డీలో నున్నది.

మన కార్లలో ముందరి చక్రములు రెండును దేనికదియే తన స్ప్రింగుపై పైకి క్రిందికి ఆడుచుండును. మలుపు తిరుగునప్పుడు కారు బయటివైపున కొరగును. ఆ వైపు స్ప్రింగు అణగును, రెండవ వైపుది సాగును. ఈ యొరుగుట మితిమీరినచో కూర్చున్నవారికి కడుపులో త్రిప్పును. నడుపువారికి స్టీరింగుపై పట్టు చాలదు. దానిని తగ్గించుటకై రెండు చక్రములను కలుపుచు ఒక ఉక్కు కడ్డీని అమర్తురు. దానికి స్టెబిలైజరు బారని పేరు. 1919లో కెనడా దేశీయుడగు స్టీఫెన్ కోల్‌మన్ ఇట్టి కడ్డీకి పేటెంటు హక్కు పొందెను. నూరేండ్లు దాటినను దాని పని మారలేదు.

ఆ యింటి పిల్లవాని మార్కాపురపు పలకను తీసికొని బలపముతో ఆ కడ్డీ యాకారమును గీచి చూపితిమి. గడపలేని ద్వారబంధమును నేలపై పరుండబెట్టినట్లుండును. పై కమ్మివంటి పొడవైన భాగము కారునకు అడ్డముగా నుండును. దానిని రెండుచోట్ల రబ్బరు దిమ్మలలో ఇమిడ్చి, పైన ఇనుప పట్టీవేసి, కారు చట్రమునకు బోల్టులతో బిగింతురు. ఆ రబ్బరు దిమ్మలే బుష్షులు. ద్వారబంధపు రెండు కాళ్ళును చక్రములవైపునకు పోవును. ఒక్కొక్క కాలి కొననుండి జానెడో, అంతకు కొంచెము హెచ్చో పొడవుగల సన్నని కడ్డీ యొకటి లేచి, చక్రముకడి షాకబ్జార్బరునకు తగులుకొనియుండును. దానిని లింకురాడ్డందురు. దాని రెండు కొనలయందును మన తుంటికీలు వంటి గుండు కీళ్ళుండును. గుండు చుట్టును గ్రీజు, గ్రీజు బయటికి పోకుండ పైన రబ్బరు తొడుగు.

ఇక దాని పని యెట్టిదనిన, తడిసిన దుప్పటిని ఇరువురు చెరియొక కొన పట్టుకొని పిండుట తలచుకొనుడు. దుప్పటి మొత్తము ఒకేవైపునకు దొర్లునట్లు ఇరువురును త్రిప్పినచో అది యూరక తిరుగునేగాని మెలిపడదు, నీటిబొట్టు రాలదు. ఒకరు త్రిప్పుచుండగా రెండవవారు బిగబట్టినప్పుడే దుప్పటి మెలితిరుగును. అప్పుడు చేతులకు దాని బలము తెలియును. ఈ కడ్డీయు నట్టిదే. రెండు చక్రములును కలిసి పైకెక్కినచో కడ్డీ తన రబ్బరు దిమ్మలలో ఊరక తిరుగును. ఒక చక్రమే పైకిపోయినను, క్రిందికి దిగినను కడ్డీ మెలిపడును. ఆ మెలి విడివడబోవు బలము రెండవ వైపునకు చేరి, ఒక్క వైపుననే పడిన బరువును రెండు వైపులకు పంచును. కారు నెక్కువగా ఒరగనీయని బలమదియే.

ఇప్పుడా పిల్ల ప్రశ్నకు సమాధానము దొరకినది. స్పీడుబ్రేకరుపై చక్రములు రెండును కలిసి యెక్కినవి. కడ్డీ ఊరక తిరిగినది. లింకుపై బరువు పడలేదు. విరిగిన బండకడ ఒక చక్రమే దిగినది. కడ్డీ మెలిపడి లింకును లాగినది. అరిగిన కీలులో గుండు అటునిటు కొట్టుకొని టక్కుమన్నది. షెడ్డువారు వినని మాటలోనే రోగనిర్ణయ మున్నది.

ఐనను, ఒక్క గుర్తు చూచి నిర్ణయించుట తగదు. చక్రముకడ చప్పుడు పలు కారణములచేత రావచ్చును. వానిలో కొన్ని యపాయకరములు. చక్రమును క్రిందినుండి పట్టి యుంచు చేతికి, అనగా లోయరారమునకు, చివర నొక గుండు కీలుండును. అది మిక్కిలి యరిగి ఊడివచ్చినచో చక్రము ప్రక్కకు వాలి కారు కూలబడును. అత్తగారి భయము లేనిపోని భయమని త్రోసివేయుటకు వీలులేదు. లింకు విరిగినచో చక్రము ఊడదు. కాని మలుపులలో కారు హెచ్చుగా నొరగును. ఏది పోయినదో కన్నులార చూచి తెలిసికొనువరకు కనుమ నెక్కకుండుటయే మేలు.

పరీక్షించు క్రమ మిది. మొదట డిక్కీలోని జాకీ, పానాలు, నీళ్ళ డబ్బా అన్నియు తీసివేసి కారు నడిపి చూడవలయును. కదలుచున్న జాకీ చప్పుడునకు కారు విప్పించుకొన్నవారు లేకపోలేదు. రెండవది, చదునైన నేలపై కారు నిలిపి, యింజనాపి, బానెట్టు మూలను బలముగా నొక్కి విడువవలయును. ఒకసారి లేచి నిలిచినచో షాకబ్జార్బరు సరిగా నున్నదని ప్రాయికముగా చెప్పవచ్చును. పలుమార్లు ఊగినను, దానిపై నూనె కారి తడిసియున్నను అది పోయినట్లే. మూడవది, స్టీరింగును ఒక వైపునకు పూర్తిగా త్రిప్పి, టైరు వెనుక సందులో చేయిపెట్టి లింకురాడ్డును పట్టుకొని ముందువెనుకలకు, పైకి క్రిందికి కదపవలయును. మంచి లింకు తిరుగునేగాని లొడలొడలాడదు. దాని రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు మట్టితో కలిసియున్నచో ఆ లింకు పని తీరినదనుకొనవచ్చును. లింకు చప్పుడు టకటకమని పదునుగా నుండును. బుష్షు అరిగినచో డబడబమని మందముగా నుండును.

మరునాడు ఆ యూరి మేస్త్రిని పిలిపించితిమి. జీపులును, ట్రాక్టర్లును బాగుచేయు నడివయస్కుడు. కోడలు చెప్పినదంతయు నిలుచుండి విన్నాడు. “అక్క చెప్పేదే కరక్టు. ముందు చూద్దాం, తర్వాత చెబుతా” అని, చేయిపెట్టి చూచి, ఆమెచేతను కదపించినాడు. ఎడమ లింకు చేతిలోనే టక్కుమన్నది. కుడిదియు కొంత వదులైనది. తొడుగులు చిరిగి గ్రీజంతయు దుమ్ముతో ముద్దయైనది. బుష్షులు ఎండి నెఱియలు విచ్చినవి. షాకబ్జార్బరులు పొడిగా నున్నవి. పిమ్మట కారును జాకీపై నెత్తి, ఇనుపకడ్డీతో లోయరారము గుండు కీలును పెల్లగించినట్లు నొక్కిచూచినాడు. అది గట్టిగానే యున్నది. అప్పుడు గాని మా మనస్సులు కుదుటపడలేదు.

రబ్బరు ఇట్లగుటలో వింతలేదు. పచ్చి రబ్బరు ఎండకు జిగటయగును, చలికి పెళుసగును. 1839లో అమెరికావాసియగు చార్లెస్ గుడ్‌ఇయర్ దానిని గంధకముతో కలిపి కాచి, ఎండచలుల కోర్చునట్లు చేయు మార్గమును కనుగొనెను. మన కుక్కరు చుట్టయు, ఈ బుష్షును ఆ విద్యచేత గట్టిపడిన రబ్బరు జాతివే. అయినను మన మెట్టప్రాంతపు ఎండలు, దుమ్ము, నూనె మరకలు ఏండ్లకొలది తగులగా అది యెండి బిరుసెక్కును. ఆ కారు కొని పదియేండ్లు దాటినది. బుష్షులను ఒక్కసారియు మార్చలేదు.

సామానులు గిద్దలూరునుండి తెప్పించిరి. కారు పేరు, తయారైన సంవత్సరము, ఛాసిస్ నంబరు వ్రాసి పంపవలయును. ఒకే పేరుగల కారులోనైనను సంవత్సరమునుబట్టి లింకు పొడవును, కడ్డీ లావును మారవచ్చును. బుష్షు రంధ్రము కడ్డీకంటె వెడల్పైనచో మరల చప్పుడే. ఇరుకైనచో కడ్డీ తిరుగక రబ్బరు చిరుగును. లింకులను జతగా మార్చుట మంచిది. ఒకటి క్రొత్తది, ఒకటి పాతది యైనచో కొలదికాలమునకే రెండవ వైపు చప్పుడు మొదలగును. లింకులు రెండు, బుష్షులు రెండు, క్రొత్త నట్లు, అన్నియు కలిసి రెండువేల యెనిమిదివందల రూపాయలైనవి. షెడ్డువారు చెప్పినదానిలో ఇది యైదవవంతు.

పని తానే చేసెదననియు, ప్రక్కన నుండి చూపుమనియు కోడలు మేస్త్రి నడిగినది. అతడు నవ్వి యొప్పుకొన్నాడు. ఆ క్రమమును జాగ్రత్తగా చదువుడు.

కారును గట్టి చదునైన నేలపై నిలిపి, హ్యాండుబ్రేకు వేసి, వెనుక చక్రములకు ముందువెనుకల రాళ్ళుపెట్టిరి. చక్రములు నేలమీద నుండగనే వాని నట్లను కొంచెము వదులుచేసిరి. చక్రము గాలిలో నున్నప్పుడు బిగిసిన నట్టును విప్పబోయినచో కారు జాకీనుండి జారవచ్చును. పిమ్మట కారు పుస్తకములో చూపినచోట జాకీపెట్టి యెత్తి, స్టాండులపై నిలిపిరి. ఒట్టి జాకీని నమ్మి కారు క్రింద తల గాని చేయి గాని పెట్టరాదు. దీని నెన్నిసార్లు చెప్పినను ఎక్కువకాదు. విప్పిన చక్రములను కారు క్రిందనే ప్రక్కగా పరుండబెట్టిరి. ఒకవేళ స్టాండు తప్పినను కారు చక్రముపై నాగును.

“ఒక వైపు లింకు విప్పడానికి రెండు వైపులా ఎందుకు ఎత్తాల?” అని యామె యడిగినది. మేస్త్రి చెప్పకముందే తానే నవ్వి, “దుప్పటి!” అన్నది. నిజమే. ఒక వైపే యెత్తినచో ఆ చక్రము క్రిందికి వ్రేలాడి కడ్డీ మెలిపడియుండును. ఆ మెలి బరువంతయు లింకుపై నుండగా నట్టు విప్పినచో, బోల్టు చటుక్కున ఎగిరి చేతికి తగులవచ్చును. క్రొత్త లింకు రంధ్రములో దూరదు. రెండు చక్రములును సమముగా వ్రేలాడినచో మెలి యుండదు.

నట్లపై పట్టిన ఎఱ్ఱమట్టిని తీగబ్రష్షుతో తోమి, తుప్పు విడుచు మందు చల్లి, అరగంట విడిచిరి. ఆ యరగంటయు కాఫీకి సరిపోయినది. తరువాత నట్టునకు పానాపెట్టి త్రిప్పగా నట్టుతోపాటు లోపలి గుండు మరయు తిరుగుచున్నది. క్రొత్తవారు ఇక్కడనే విసుగు చెందుదురు. ఆ మర కొనయందు ఆరుమూలల గుంట యుండును. దానిలో ఎలెన్‌కీ దూర్చి కదలకుండ పట్టుకొని, రెండవ చేతితో పానా త్రిప్పిన నట్టు వచ్చును. కొన్నిటిలో గుంటకు మారుగా వెనుక పలకలుండును. వానిని సన్నని పానాతో పట్టుకొనవలయును.

పాత లింకును, క్రొత్త లింకును ప్రక్కప్రక్కన పెట్టి పొడవును, కొనల దిక్కును సరిచూచిరి. కొన్ని కార్లలో ఎడమకుడి లింకులు వేరువేరు. క్రొత్తదానిని పెట్టి నట్లను మొదట వ్రేళ్ళతోనే నాలుగు చుట్లు త్రిప్పిరి. వ్రేళ్ళతో ఎక్కని నట్టు మరలో వంకరగా పడినదని తెలియవలయును. పానాతో బలవంతము చేసినచో మర చెడును. పాత నట్లను మరల వాడలేదు. వానిలోని నైలాను చుట్ట ఒకసారి విప్పినపిమ్మట గట్టిగా పట్టదు.

బుష్షులపని కొంత చేయి తిరిగినవారిది. కొన్ని కార్లలో బుష్షుపట్టీ యింజను వెనుక ఇరుకున నుండును. క్రింది చట్రమును దింపినగాని చేయి పోదు. అట్టివానిని షెడ్డునకే విడువవలయును. ఈ కారులో పట్టీ అందుబాటున నున్నది. రెండు బోల్టులను విప్పి, పట్టీ తీసి, చీలికకడ తెరచి పాత రబ్బరును లాగిరి. కడ్డీని గుడ్డతో శుభ్రముగా తుడిచిరి. మేస్త్రివెంట వచ్చిన కుఱ్ఱవాడు క్రొత్త బుష్షునకు యింజను నూనె పూయబోయినాడు. మేము వారించితిమి. పెట్రోలుజాతి నూనె తగిలినచో ఇట్టి రబ్బరు ఉబ్బి మెత్తబడును. సబ్బునీరు చాలును, లేదా సిలికాను గ్రీజు. మేస్త్రియు తలయూపి, “అమ్మ చెప్పింది నిజమేరా” అన్నాడు. చీలిక పాతదాని చీలిక ఏ దిక్కున నుండెనో ఆ దిక్కుననే యుండునట్లు పెట్టి, పట్టీ వేసిరి.

చక్రములెక్కించి, కారును నేలకు దింపి, చక్రపు నట్లను ఒకదాని కెదురుగా నొకటి చొప్పున బిగించిరి. బుష్షుపట్టీ బోల్టుల తుది బిగింపు కారు బరువు చక్రములపై నిలిచిన పిమ్మట చేసిరి. రబ్బరు తన సహజస్థితిలో నుండగా బిగిసినచో ఎక్కువకాలము మన్నును. ఎంత బిగింపవలయునో కారు మరమ్మతు పుస్తకములో నుండును. దానిని కొలుచు టార్కు పానా మేస్త్రికడ నున్నది. మొత్తము పనికి మూడుగంటలు పట్టినది. నూరు కిలోమీటర్లు నడిచిన పిమ్మట నట్లన్నిటిని మరల నొకమారు చూడవలెనని మేస్త్రి చెప్పిపోయినాడు.

ఈ పని యన్ని కార్లకు నొక్కటి కాదు. 1983 మొదలు 2014 వరకు తయారైన మారుతి 800లో ఈ కడ్డీ ఒరుగుడు నాపుటయే కాక, లోయరారమును ముందువెనుకలకు కదలనీయక పట్టియుంచును. అచ్చట కడ్డీ విప్పుట యనిన చక్రపు స్థానమునే కదల్చుట. అట్టి కార్ల యజమానురాండ్రు ఇంటివద్ద పానా పట్టరాదు; తెలిసిన షెడ్డున చేయించి, పిమ్మట చక్రముల అలైన్‌మెంటు చూపించుకొనవలయును. తక్కిన కార్లలో ఒట్టి లింకులు మార్చినంతమాత్రమున అలైన్‌మెంటు చేయింప నక్కరలేదు.

తామే చేయకున్నను, షెడ్డునకు పోవు సోదరీమణులు నాలుగు మాటలు జ్ఞాపక ముంచుకొందురుగాక. చప్పుడు ఏ వైపున, ఎట్టిచోట, ఒక చక్రము పడినప్పుడా, రెండును పడినప్పుడా, స్టీరింగు త్రిప్పినప్పుడా యని కాగితముపై వ్రాసికొని పోవుడు. పోయినదన్న భాగమును మీ చేతితో కదపి చూపుమని యడుగుడు. మార్చిన పాత సామానును ఇమ్మనుడు. మీ మాట వినక, మీ యింటి మగవారిని పిలువుమన్నచో కారు త్రిప్పుకొని రండు. రోగి చెప్పు బాధ వినని వైద్యుని కడ మనము మందు పుచ్చుకొందుమా?

పని ముగిసిన సాయంకాలము కోడలు కారును సందు మొగకు నడిపినది. అత్తగారు అరుగుపై నిలిచి చెవియొగ్గి యున్నది. ఎడమ చక్రము బండ గుంతలో దిగి లేచినది. టక్కుమనలేదు. కోడలు వెనుకకు వచ్చి మరల దింపినది. మూడవసారి దింపుచుండగా అత్తగారు, “చాల్లే, ఆ బండ గూడా పూర్తిగా విరిగేట్టుంది. రేపు పొద్దున్నే బయలుదేరుదాం” అన్నది.

మరునాడు మేమును వెంట పోయితిమి. పూర్వము ఆమె కనుమలో ముందరి సీటును రెండుచేతుల పట్టుకొని కూర్చుండెడిదట. ఆనాడు దిగువమెట్ట దాటువరకు నట్లే పట్టుకొన్నది. మలుపులు మొదలైన పిమ్మట ఒక చేయి విడిచినది. కొంతసేపటికి రెండవదియు విడిచినది. గాజులపల్లె చేరునప్పటికి తల మా భుజముపై వాల్చి నిద్రించుచున్నది. నంద్యాలలో వైద్యుడు పరీక్షించి, రెండు నెలలు రానందుకు మందలించి, మందులలో నొకదానిని మార్చి వ్రాసినాడు. రెండు లింకులు, రెండు రబ్బరు దిమ్మలు నిలిపివేసిన ప్రయాణమది.

వచ్చు మాసమున పిండిరుబ్బు గ్రైండరు బెల్టును గూర్చి వ్రాయుదుము.